నాదమును మ్రింగు పలక

గ్రామసీమలో పుట్టిన పాట గ్రామసీమలోనే యంత్రమున కెక్కి దేశాంతరములకు పోవు కాలము వచ్చినది. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదున కనతిదూరమున, కర్ణాటక సరిహద్దునకు చేరువనుండి, 2016 నాటి జిల్లాల పునర్విభజనలో మండలకేంద్రమైన మొగుడంపల్లి వంటి యూరిలోనైనను, ఒక మైకు, ఒక కంప్యూటరు, ఇంటిలో ఒక ఖాళీ గది యున్నచో గాయకుడు తన పాటను తానే రికార్డు చేసికొనగలడు. అయితే అతనికి మొదట తారసిల్లు విఘ్నము మైకులో లేదు, కంప్యూటరులో లేదు. నాలుగు గోడలలో నున్నది. సిమెంటు పూసి సున్నము వేసిన గోడ, తనపై బడిన ధ్వనిలో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే గ్రహించి, తక్కినదంతయు తిరుగగొట్టును. కంఠమునుండి వెడలిన స్వరము మైకును నేరుగా చేరిన కొన్ని మిల్లీసెకండ్లకే, గోడలనుండియు కప్పునుండియు మరలిన దాని ప్రతులు గుంపులు గుంపులుగా వచ్చి దానిపై బడును. గదిలో కూర్చున్న మనకు ఆ గందరగోళము అంతగా తెలియదు, మన మెదడు దానిని చాలవరకు వడగట్టుచుండును గనుక. మైకున కట్టి వివేకము లేదు. ఈ విఘ్నమును తొలగించుటకై పుట్టిన సాధనమే ధ్వనిశోషక ఫలకము. చూపులకు గుడ్డ చుట్టిన దూదిపలక. విద్యుత్తు కోరని, కదలని, మ్రోగని యంత్రము.

ధ్వనిని మరలించు విద్య మన దక్కనులో ప్రాచీనమైనది. గోలకొండలో ఫతేదర్వాజా గుమ్మటము క్రింద చరచిన చప్పట్లు కొండకొమ్మునగల బాలాహిసారున వినవచ్చుటయు, 1656లో ముగిసిన బిజాపూరు గోల్‌గుంబజున పలికిన మాట పలుమారులు మరలి వినబడుటయు, కట్టడపు వక్రతలు ధ్వని నెట్లు కూర్చి పంపగలవో చాటుచున్నవి. కాని మరలిన ధ్వనిని ఎంత కావలెనో అంతకే తగ్గించుటకు లెక్క యొకటి యుండవలెనని శాస్త్రముగా నిరూపించినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రోపాధ్యాయుడైన వాలెస్ క్లెమెంట్ సేబిన్.

1895లో ఆ విశ్వవిద్యాలయమున ఫాగ్ కళాప్రదర్శనశాలకు చేరిన ఉపన్యాసమందిరమొకటి నూతనముగా కట్టబడియు నిరుపయోగమై పోయినది. వక్త పలికిన యొక పదము అయిదున్నర సెకండ్లకు పైగా గదిలో తిరుగుచుండగా, తరువాతి పదములు దానితో కలిసి అర్థశూన్యమైన ఘోషయయ్యెను. దీనిని చక్కదిద్దుమని అధికారులు ఇరువదియేడేండ్ల సేబినును నియోగించిరి. అతడు వీథులలో చప్పుడు సద్దుమణిగిన రాత్రివేళలలో, సమీపమున నున్న సాండర్సు నాటకశాల ఆసనములపై మెత్తలను మోయించి తెచ్చి, వరుసవరుసగా పరచుచు, సెకండునకు 512 కంపనములిచ్చు ఆర్గన్ గొట్టమును మ్రోగించి యాపి, ఆ నాదము తన చెవికి అందకుండ పోవుటకు పట్టిన కాలమును కొలిచెను; తెల్లవారునప్పటికి మెత్తలను మరల వాని స్థానములకు చేర్పించెడివాడు. మెత్తలు పెరిగినకొలది నాదశేషము తగ్గి, తుదకు ఒక సెకండునకు చేరువయయ్యెను. ఏండ్లతరబడి సాగిన ఈ కొలతలనుండి 1898లో తేలిన సూత్రము మిక్కిలి సరళమైనది: గది ఘనపరిమాణమును ఘనమీటర్లలో తీసికొని 0.161 చేత గుణించి, గదిలోని మొత్తము శోషణముచేత భాగించినచో, ధ్వనిశక్తి పదిలక్షలవ వంతునకు క్షీణించుటకు పట్టు కాలము, అనగా నాదశేషము, సెకండ్లలో వచ్చును. శోషణమునకు సేబిన్ ఎన్నుకొన్న మానము తెరచిన కిటికీ. దానిలోనుండి పోయిన ధ్వని మరలి రాదు గదా!

ఈ సూత్రము ననుసరించి నిర్మితమైన బోస్టన్ సింఫనీ హాలు 1900 అక్టోబరు 15న తెరవబడి, నేటికిని ప్రపంచమున శ్రేష్ఠములైన సంగీతశాలలలో నొకటిగా గణింపబడుచున్నది. సరిగా అదే తేదీన, 2008లో, జహీరాబాదు ప్రాంతమునందలి మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జులపై ప్రసారములు ప్రారంభించినది. లైసెన్సు రాకమునుపే 1998 నుండి యునెస్కో సాహాయ్యముతో అచటి స్త్రీలు తమ సేద్యపు సంగతులను, విత్తనముల ముచ్చటలను, పాటలను రికార్డు చేయుచు వచ్చిరి. అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ యను ఇరువురు పల్లెపడతులు ఆ కేంద్రమును నడపిరి. స్వరమును యంత్రమున నిక్షేపించు విద్య నగరములకే చెల్లునను భ్రమ ఈ సీమలో ఆనాడే తొలగినది.

సేబిన్ మెత్తలనుండి నేటి పలకవరకు నడచిన మార్గము పదార్థముల చరిత్ర. మొదట గోడలకు ఉన్నికంబళులు, తెరలు వ్రేలాడగట్టిరి. అవి పైశ్రుతులను మ్రింగి క్రిందిశ్రుతులను విడిచిపెట్టుటచే స్వరము మబ్బుపట్టినట్లు వినవచ్చెను. 1920 తరువాతి దశకమున అమెరికాలోని లూయిసియానా రాష్ట్రమున చెరకు గానుగాడిన పిమ్మట మిగిలిన పిప్పిని పలకలుగా అదిమి, వానికి రంధ్రములు తొలిచి, సెలోటెక్సు అను పేర గోడలకు, కప్పులకు తాపించిరి. చెరకు విరివిగా పండు జహీరాబాదు రైతునకు ఇది ఆసక్తి గొలుపు విషయము: బాయిలరున మండిపోవు పిప్పియే ఒకనాడు ఉత్తమ ధ్వనిశోషకమై యుండెను. 1930 తరువాతి దశకమున గాజును కరగించి నూలువలె తీసిన గ్లాస్‌వూల్ వచ్చినది. దానికి తోడు రాతిని కరగించి తీసిన రాక్‌వూల్. నేటి మేలైన పలకలకు ఈ రెండే గర్భము.

పలక పనిచేయు తీరు సూక్ష్మమైనది. ధ్వని యనగా గాలికణముల ముందువెనుకల ఊగులాట. ఆ యూగు గాలి సన్నని పోగుల సందులలో దూరునప్పుడు రాపిడి కలిగి, ధ్వనిశక్తి అత్యల్పమైన ఉష్ణముగా మారిపోవును. ఇచట ఒక చిక్కు కలదు. గోడ చలింపదు గనుక దానిని అంటుకొనియున్న గాలియు ఇంచుమించు చలింపదు. గాలి మిక్కిలిగా ఊగు చోటు గోడకు పావు తరంగదైర్ఘ్యము దూరమున నుండును. ధ్వని సెకండునకు 343 మీటర్లు పోవును గనుక, 1000 హెర్ట్జుల స్వరమునకు ఆ దూరము 8.6 సెంటీమీటర్లు, 200 హెర్ట్జులకు 43 సెంటీమీటర్లు. కావున అయిదు సెంటీమీటర్ల మందముగల పలకను గోడకు అతికించుటకంటె, వెనుక మరి అయిదు సెంటీమీటర్ల యెడము విడిచి వ్రేలాడదీసినచో, పైస ఖర్చు లేకయే దాని సామర్థ్యము క్రిందిశ్రుతులవైపు విస్తరించును.

ఇక మొగుడంపల్లిలో నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల యెత్తుగల గది నొకదానిని ఊహింతము. ఘనపరిమాణము 36 ఘనమీటర్లు. గోడలు, కప్పు, నేల కలిసి 66 చదరపు మీటర్లు. వాని శోషణము రెండు చదరపు మీటర్ల తెరచిన కిటికీకి మించదు. సూత్రము ప్రకారము నాదశేషము దాదాపు 2.9 సెకండ్లు. 1.2 మీటర్ల పొడవు, 0.6 మీటరు వెడల్పుగల పలకలు ఎనిమిది వ్రేలాడదీసినచో మధ్యశ్రుతులలో అది 0.8 సెకండునకు దిగును. నేలపై మందమైన జంపఖానా పరచి, మనుష్యులిద్దరు కూర్చుండినచో అర సెకండు ప్రాంతమునకు వచ్చును. మొదటి ఎనిమిది పలకలు చేసినంత మేలు తరువాతి ఎనిమిది చేయవు. కావున సంఖ్యకంటె స్థానము ముఖ్యము.

పాడువాని మైకు తన ముఖమునకు ఎదురుగా వచ్చు ధ్వనిని ఎక్కువగా గ్రహించును. అందుచేత మైకు వెనుక గోడకంటె గాయకుని వీపు వెనుక గోడకు పలక ముందుగా కావలెను. స్పీకర్లు పెట్టి వినుచోట, ఒకరు ఆసనమున కూర్చుండగా మరియొకరు అద్దమును ప్రక్కగోడ వెంబడి జరుపుచు పోవలెను. అద్దమున స్పీకరు కనబడిన చోటనే ధ్వని పరావర్తనము చెంది చెవిని చేరును గనుక అదియే పలకకు స్థానము. తలపై కప్పునకును ఇట్లే. వెడల్పును ఎత్తును సమానమైన మన గదిలో ఎదురెదురు తలముల నడుమ ధ్వని మరలి మరలి బలపడుటచే కలుగు గుంజనము 57 హెర్ట్జుల కడ ద్విగుణమగును. దానిని అదుపు చేయుటకు మూలలే తగిన చోట్లు. అచట మందమైన పలకలను అడ్డముగా నిలిపినచో వెనుక లోతైన గాలియెడము దానంతట ఏర్పడును.

వ్రేలాడదీయుటకు సులభోపాయము, 45 డిగ్రీల వాలుగా కోసిన రెండు చెక్కబద్దలు: ఒకటి గోడకు, రెండవది పలక చట్రమునకు బిగించి, ఒకదానిపై నొకటి తగిలింపవలెను. ఈ ప్రాంతపు పాత యిండ్ల ఎర్రరాతి గోడలు బొరియలు గలవి గనుక పొడవైన మరమేకులు వాడుట మంచిది. పలకకు చుట్టు గుడ్డ, నోటితో ఊదినచో గాలి అవతలికి పోవునట్టిదై యుండవలెను. గ్లాస్‌వూల్ కోయునప్పుడు చేతికి తొడుగులు, ముక్కునకు మాస్కు తప్పనిసరి.

రెండు హెచ్చరికలు. పలక గదిలోని ప్రతిధ్వనిని మ్రింగునేగాని, వీథిలో పోవు ట్రాక్టరు రొదను ఆపజాలదు. దానికి బరువైన గోడ, సందులేని తలుపు కావలెను. కోడిగ్రుడ్ల అట్టలు ఈ రెండింటికిని చాలవు. అంతకంటె ముఖ్యము, చవుకగా దొరకు మామూలు ఫోము తాపరాదు. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రమున ఒక సంగీతశాలలో బాణసంచా రవ్వలు గోడ ఫోమునకు అంటుకొని నూరుగురు మరణించిరి.

ఇంట స్టూడియో పెట్టదలచిన యువకులు ఇంకను ఖరీదైన మైకునకై సొమ్ము కూడబెట్టుటకు మున్ను, దానిలో కొంత వెచ్చించి పలకలు చేయించుకొనుట వివేకము. సామాన్యమైన మైకు చక్కని గదిలో చక్కగా పలుకును. ఎంత గొప్ప మైకైనను బోసిగోడల గదిలో ఆ గోడలనే వినిపించును.