అమైన్లు – వంటింట్లో, ఒంట్లో

మదురై నుంచి తిరునెల్వేలి వెళ్లే రైలు విరుదునగర్, సాత్తూరు దాటి కోవిల్పట్టి చేరుతుంది. ఈ ప్రాంతమంతా నల్లరేగడి నేల. ఇక్కడి పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. విరుదునగర్, కోవిల్పట్టి రెండూ తినుబండారాలకు పేరు పొందిన ఊళ్లు. విరుదునగర్‌లో నూనెలో కరకరలాడేలా వేయించిన పరోటా, కోవిల్పట్టిలో వేరుసెనగ పలుకులు, బెల్లంపాకం కలిపి చేసే కడలై మిఠాయి ప్రసిద్ధమైనవి. కోవిల్పట్టి మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

పచ్చి వేరుసెనగ పలుకు నమిలితే పసరు రుచి తగులుతుంది. వేయించిన పలుకు వాసన వీధి చివరిదాకా వస్తుంది. తెల్లని మైదాపిండి ముద్ద నూనెలో వేగితే బంగారు రంగు తేలుతుంది. ఆ వాసన, ఆ రంగు ముందు లేవు. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? దీనికి సమాధానం తెలియాలంటే అమైన్లు అనే పదార్థాల స్వభావం తెలుసుకోవాలి.

అమ్మోనియా అణువులో ఒక నత్రజని పరమాణువు, మూడు ఉదజని పరమాణువులు ఉంటాయి. ఆ ఉదజని పరమాణువులలో ఒకటి గాని, రెండు గాని, మూడూ గాని తొలగి, వాటి స్థానంలో కర్బన సమూహాలు చేరితే అమైన్ ఏర్పడుతుంది. 1849లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు వుర్ట్జ్ వీటిలో కొన్నింటిని మొదటిసారి తయారు చేశాడు. అమైన్‌లోని నత్రజని దగ్గర ఒక జంట ఎలక్ట్రాన్లు ఏ బంధంలోనూ చేరకుండా మిగిలి ఉంటాయి. ఎలక్ట్రాన్ల కొరత ఉన్న పరమాణువు సమీపిస్తే, ఆ జంటను దానికి అందించి బంధం ఏర్పరచుకోవడం అమైన్ల స్వభావం. అవి పాల్గొనే చర్యలలో చాలా వాటికి మూలం ఇదే.

ఇందుకు ఒక సులభమైన ఉదాహరణ చేపల పులుసు. సముద్రపు చేప చనిపోయిన తరువాత, సూక్ష్మజీవుల ఎంజైముల వల్ల దానిలో ట్రైమిథైల్ అమైన్ పుడుతుంది. నీచు వాసన ముఖ్యంగా దానిదే. చింతపండు పులుసు పోయగానే ఆ వాసన తగ్గుతుంది. పులుసులోని ఆమ్లం ఇచ్చే ఉదజని అయాన్‌ను అమైన్ తన ఎలక్ట్రాన్ల జంటతో పట్టుకొని లవణంగా మారిపోతుంది. లవణం ఆవిరి కాదు. అందుచేత వాసన ముక్కుదాకా రాదు. మన పెద్దలు అనుభవంతో కనుగొన్న ఉపాయం వెనుక ఇంత రసాయన శాస్త్రం ఉంది.

ఇక వేరుసెనగ సంగతి. పలుకులో మాంసకృత్తులు, అమైనో ఆమ్లాలు, చక్కెరలు ఉంటాయి. గ్లూకోజు వంటి చక్కెరలో ఆమ్లజనితో కూడిన ఒక కర్బన పరమాణువుకు ఎలక్ట్రాన్ల కొరత ఉంటుంది. అమైనో ఆమ్లంలోని నత్రజని అక్కడికి చేరి బంధం కలుపుతుంది. ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఇది తొలి మెట్టు. ఆపైన వరుసగా అనేక మార్పులు జరిగి, కమ్మని వాసన గల పదార్థాలు, గోధుమరంగు పదార్థాలు ఏర్పడతాయి. ఈ చర్యను 1912లో మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. అందువల్ల దీనికి మైయార్ చర్య అని పేరు వచ్చింది. పరోటాకు రంగు వచ్చేదీ దీనివల్లనే. దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద ఈ చర్య బాగా వేగం పుంజుకుంటుంది. నీళ్లలో ఉడికించిన కాయలకు వేడి 100 డిగ్రీలు మించి తగలదు. ఉడికించిన కాయకు వేయించిన కాయ వాసన రాకపోవడానికి కారణం ఇదే.

మన శరీరంలో అంత వేడి లేదు. ఉన్నది సుమారు 37 డిగ్రీలే. అయినా అమైన్ల చర్యలు ప్రతి క్షణం జరుగుతూనే ఉంటాయి. వాటిని జరిపించేవి ఎంజైములు. ఎంజైము తాను తరిగిపోకుండా, చర్యను ఎన్నో రెట్లు వేగవంతం చేస్తుంది. ఏ అణువు ఏ అణువుతో, ఏ చోట కలవాలో కూడా అదే నిర్ణయిస్తుంది. ఉదాహరణకు, ట్రాన్సమినేజులు అనే ఎంజైములు ఒక అమైనో ఆమ్లం నుంచి అమైన్ సమూహాన్ని తీసి మరొక ఆమ్లానికి అందిస్తాయి. ఈ పనిలో వాటికి బి6 విటమిను తోడ్పడుతుంది. ఇక్కడ కూడా తొలి మెట్టు మిఠాయి బాణలిలో జరిగినటువంటిదే: నత్రజని కర్బనంతో కలుస్తుంది. అయితే బాణలిలో వందలాది పదార్థాలు పుడతాయి. ఎంజైము చేతిలో మాత్రం శరీరానికి కావలసినదే తయారవుతుంది. కాలేయం దెబ్బ తింటే ఈ ఎంజైములు రక్తంలోకి ఎక్కువగా చేరతాయి. వైద్యులు చేయించే ఎస్.జి.పి.టి. పరీక్ష వాటిలో ఒకదానిని కొలిచేదే.

ఎంజైము అదుపు లేకుండా కూడా శరీరంలో ఈ చర్య నెమ్మదిగా జరుగుతుంది. రక్తంలోని గ్లూకోజు, హిమోగ్లోబిన్‌లోని అమైన్ సమూహంతో తనంతట తానే కలుస్తుంది. మధుమేహం ఉన్నవారిలో గ్లూకోజు ఎక్కువ కాబట్టి ఈ కలయిక కూడా ఎక్కువ. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. కాబట్టి హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష గత రెండు మూడు నెలల చక్కెర స్థాయిని తెలుపుతుంది. పరీక్షకు ముందు రోజు మిఠాయి మానివేసినంత మాత్రాన దీని ఫలితం మారదు.

అమైన్ సమూహం స్థానం మారితే ఎంత మేలు జరుగుతుందో చూపినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లాడు. అక్కడ లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేశారు. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పనికి సిద్ధం చేసేది ఒక ఎంజైము. ఫోలిక్ ఆమ్లంలో ఆమ్లజని ఉన్న ఒక చోట అమైన్ సమూహాన్ని ఉంచి అమినోప్టెరిన్ అనే మందును రూపొందించారు. ఎంజైము దీనిని ఫోలిక్ ఆమ్లం లాగే పట్టుకుంటుంది, కాని సులభంగా విడిచిపెట్టలేదు. దానితో ఎంజైము పని ఆగిపోతుంది, కణాల పెరుగుదలా ఆగుతుంది. 1947లో బోస్టన్‌లో ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సరుతో బాధపడే పిల్లలకు ఈ మందు ఇవ్వడం ప్రారంభించాడు. 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టినట్లు 1948లో ప్రకటించాడు. అది శాశ్వతమైన నివారణ కాదు. అయినా, బతుకు మీద ఆశ లేని పిల్లలకు మందు ఉండగలదని అప్పుడే తెలిసింది. అదే సంవత్సరం సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ నేటికీ వైద్యంలో ఉపయోగపడుతోంది.

కోవిల్పట్టి బజారులో వేయించిన పలుకుల వాసన, ఆసుపత్రిలో పిల్లవాడికి ఇచ్చే మందు వేరువేరు విషయాలుగా కనిపిస్తాయి. రెండింటిలోనూ పనిచేసేది నత్రజని గల చిన్న సమూహమే. నిత్యం చూసే వస్తువును చూసి ‘ఇది ఎందుకు ఇలా ఉంది?’ అని అడగడం నేర్చుకుంటే విజ్ఞానశాస్త్రం మన వంటింటి నుంచే మొదలవుతుంది.