ఎవరి సరుకు వారి ఫైలులో

లినక్స్ మీద వ్యాసమంటే మనవాళ్లు సాధారణంగా దాని స్వేచ్ఛను గురించీ, ఉచితంగా దొరకడాన్ని గురించీ రాస్తారు. రెండూ మంచి విషయాలే. నేను మాత్రం ఎవరూ తెరిచి చూడని ఒక చిన్న డైరెక్టరీ సంగతి చెప్పదలచుకున్నాను. 'ఈటీసీ' లోపల 'ఆప్ట్' అని వుంటుంది. డెబియన్, ఉబుంటు వాడేవారి కంప్యూటర్లోకి సాఫ్టువేరు ఎక్కడినుంచి రావాలో, ఎవరి మాట మీద నమ్మాలో తేల్చేది అదే.

గుడిమల్కాపూర్‌లో మా పేట పిల్లలు చదువుకునే గదిలో ఆరు పాత కంప్యూటర్లున్నాయి. ఎవరో వాడి విడిచినవి, డెబియన్ వేసి వున్నవి. వాటి ఆలనాపాలనా నా వంతు. ఉపకార వేతనాల దరఖాస్తులు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు అన్నీ అక్కడే టైపు చేస్తారు గనుక వాటిలోకి ఏమొచ్చి పడుతున్నదో పట్టించుకోక తప్పదు. తెరిచి చూస్తే 'సోర్సెస్ డాట్ లిస్ట్' అనే ఒకే ఫైలులో అన్నీ కుక్కి వున్నాయి: డెబియన్ చిరునామాలు, ఒక బ్రౌజరుది, ఏనాడో మూతబడ్డ ఒక వీడియో ప్లేయరుది, మళ్లీ అదే వరుస రెండోసారి. ఎవరు ఎందుకు చేర్చారో చెప్పే ముక్క ఒక్కటీ లేదు.

మా పూల మార్కెట్టులో చేమంతి మూట ఏ కమీషన్ దుకాణం నుంచి వచ్చిందో తెలిస్తే, పేచీ వచ్చినప్పుడు దండలు కట్టేవాడు నేరుగా అక్కడికే పోతాడు. మూటలన్నీ ఒకే కుప్ప పోస్తే కుళ్లిన పూలు ఎవరివో బ్రహ్మకైనా తెలియదు గదా!

అందుకే ఆప్ట్‌లో 'సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డి' అనే డైరెక్టరీ పెట్టారు. బయటి సరుకు ఒక్కొక్కదానికీ ఒక్కొక్క ఫైలు. పేరు చివర 'లిస్ట్' గాని 'సోర్సెస్' గాని వుంటేనే ఆప్ట్ దాన్ని చదువుతుంది. ఇంకోలా వుంటే వదిలేస్తుంది. రెండోది కొత్త పద్ధతి: టైపు, చిరునామా, సూట్, కాంపొనెంట్ వేర్వేరు పంక్తుల్లో వుంటాయి. 'ఎనేబుల్డ్' ఎదుట 'నో' అని రాస్తే ఫైలు చెరపకుండానే ఆ సరుకు ఆగుతుంది. ఉబుంటు 2024 ఏప్రిల్ విడుదల నుంచి తన సొంత చిరునామాలను కూడా ఇలాగే రాస్తున్నది.

అసలు ప్రమాదం తాళంచెవుల దగ్గర వుంది. ప్రతి సరఫరాదారూ తన జాబితా మీద డిజిటల్ సంతకం పెడతాడు. దాన్ని సరిచూసే చెవి మన దగ్గర వుండాలి. పాత రోజుల్లో 'ఆప్ట్-కీ' అనే కమాండుతో చెవులన్నీ ఒకే గుత్తికి తగిలించేవాళ్లం. అంటే వీడియో ప్లేయరు వాడి చెవి డెబియన్ జాబితాకు కూడా చెల్లుతుందన్నమాట! ఇప్పుడు ఆ చెవిని 'కీరింగ్స్' డైరెక్టరీలో విడిగా పెట్టి, సరుకు ఫైలులో 'సైన్డ్-బై' అని దాని పేరు రాయాలి. అప్పుడది ఆ ఒక్క చిరునామాకే చెల్లుతుంది.

అంతటితో నిశ్చింత అనుకోకండి. బ్రౌజరు ఇచ్చేవాడు తన జాబితాలో మరేదో ప్యాకేజీని కూడా పెద్ద వెర్షన్ నంబరుతో పెడితే ఆప్ట్ దాన్నే తెచ్చుకుంటుంది. ప్యాకేజీతో వచ్చే స్క్రిప్టులు రూట్ అధికారంతో నడుస్తాయి. దీనికి మందు 'ప్రిఫరెన్సెస్ డాట్ డి'లో వుంది. మామూలు ప్రాధాన్యం 500. ఆ చిరునామా నుంచి వచ్చే సమస్తానికీ మైనస్ 1 ఇచ్చి, కావలసిన ఒక్క ప్యాకేజీకి మాత్రం 500 ఇవ్వాలి.

డెబియన్‌లోనే స్టేబుల్, టెస్టింగ్ కలిపి వాడేవారికి కూడా ఇది ముఖ్యమే. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జడ్ అనే కుదింపు సాఫ్టువేరు 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపెట్టాడు. అవి అప్పటికే డెబియన్ టెస్టింగ్‌లోకి వచ్చాయి, స్టేబుల్‌లోకి రాలేదు. కొత్తదనం మోజులో స్టేబుల్ చిరునామాల పక్కన టెస్టింగ్ వరుస చేర్చి, ప్రాధాన్యాలు రాయనివాడి యంత్రంలోకి అవి చొరబడడానికి ఒక అప్‌గ్రేడ్ చాలు.

'ఆప్ట్ డాట్ కాన్ఫ్ డాట్ డి' సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది, ఒకే అంశం రెండుచోట్ల వుంటే ఆఖరిదే చెల్లుతుంది. అందుకే పేర్ల ముందు 01, 99 వంటి అంకెలు. ల్యాబు ప్రాక్సీకి విడిగా ఒక ఫైలు పెట్టండి. యంత్రం ఇంటికి తీసుకుపోయిన రోజున ఆ ఒక్కటి తీసేస్తే సరి. ప్యాకేజీతో వచ్చిన ఫైలును మాత్రం దిద్దకండి. దిద్దితే తర్వాతి అప్‌గ్రేడ్‌లో 'నీది వుంచనా, నాది పెట్టనా' అని డీపీకేజీ నిలదీస్తుంది. చీటికిమాటికి ఆ ప్రశ్న వస్తే జవాబు ఆలోచించి చెప్పేవారు బహు తక్కువ.

మా ఆరు యంత్రాల్లోనూ ఇప్పుడు ప్రతి ఫైలు మొదటి పంక్తిలో హ్యాష్ గుర్తు పెట్టి, ఎవరు, ఎందుకు, ఏ తేదీన చేర్చారో రాసి వుంటుంది. వీడియో ప్లేయరు ఫైలునూ దాని చెవినీ తీసేయడానికి రెండు నిమిషాలు పట్టింది. 'ఆప్ట్ పాలసీ' అని కొడితే ఏ చిరునామాకు ఎంత ప్రాధాన్యమో వరుసగా కనిపిస్తుంది. మీ ల్యాబులో కూడా వొకసారి కొట్టి చూడండి.