విహారయాత్ర – ఇల్లాలి విశ్రాంతి

వేసవి సెలవులు సమీపించుచున్నవనగనే ప్రతిగృహమునందును ఒకటే ప్రసంగము: "ఈ యేడు ఎచటికి పోవుదము?" పిల్లలు సముద్రతీరమందురు. పెద్దలు తిరుపతి యనియో కాశి యనియో చెప్పుదురు. ఉద్యోగములు చేయు యువకులు సింగపూరు, బాలి, దుబాయి మొదలగు పేరులు పలుకుదురు. ఇల్లాలిని మాత్రము "ఏమేమి సర్దితివి?" అని యడుగువారే కాని, "నీకెచటికి పోవలెనని యున్నది?" అని యడుగువారు అరుదు. ఆ రెండవ ప్రశ్నను గుఱించియే సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిమి.

మనుచరిత్రమునందలి ప్రవరుని కథ మనమందఱము ఎఱిగినదే. దేశవిశేషములను వినుటయందు అతనికి గల కుతూహలము మెండు. సిద్ధుడొకడు అతిథియై వచ్చి, తాను చూచిన పర్వతములను, తీర్థములను వర్ణించి, పాదలేపము నొసగెను. ప్రవరుడు హిమాలయమునకు పోయెను. మంచునకు లేపము కరగిపోయి, తిరిగి వచ్చు దారి గానక చిక్కులపడెను. ఆ కావ్యమును చదివినవారందఱును వరూధినిని తలచుదురు. మేము మాత్రము అరుణాస్పదపురమున మిగిలిన యాతని యిల్లాలిని తలచుచుందుము. ఎందఱతిథులు వచ్చినను వండుటకు అలయనిదని పెద్దన యామెను అన్నపూర్ణతో పోల్చి కీర్తించెను. కాని "హిమాలయమును నీవును చూచెదవా?" అని యామె నెవ్వరైనను అడిగినట్లు ఆ కావ్యమున ఎచటను లేదు.

నేడు పాదలేపమునకు కొఱత లేదు. 2008వ సంవత్సరమున శంషాబాదునందు విమానాశ్రయము వెలసినది మొదలు, ప్రొద్దున ఇంట కాఫీ త్రాగినవారు సాయంకాలమునకు సముద్రములకు ఆవలి దేశమున నుండవచ్చును. అయినను ఇల్లాలితో పాటు వంటయిల్లును ప్రయాణము చేయుట మానలేదు. మేమొక వేసవిలో పదునొకండ్రము కలిసి తీర్థయాత్రకు పోయితిమి. సత్రమున ఒక గది, ఒక పొయ్యి. పురుషులు, పిల్లలు ఉదయమున ఒక కోవెలను, సాయంకాలమున ఒక కోవెలను చూచి వచ్చిరి. స్త్రీలమగు మేము బియ్యము కడిగితిమి, కూరలు తరిగితిమి, తడిబట్టలు ఆరవేసితిమి. ఆరు దినములకు ఇల్లు చేరి, వాకిట విడిచిన మురికిబట్టల మూటను చూచినప్పుడు మాకు తోచినదేమనగా, విహారమనగా స్థలము మాఱుట కాదు. చేయుచున్న పనినే మఱియొక చోట చేయుట అంతకంటెను కాదు. కొంతసేపు పనిలేకుండుటయు, ఆ సేపు మనసునకు నచ్చినదానిని చూచుటయు విహారము.

ఇట్టి విహారమునకు వేల రూపాయలు అక్కఱలేదు. మేము హైదరాబాదు పాతనగరమున కాపురముండువారము. జపానునుండి, జర్మనీనుండి జనులు వచ్చి మా వీథులను చూచిపోవుచుందురు. మా వాడలోని యిల్లాండ్రలో మాత్రము చార్మినారు నెక్కి చూడనివారే ఎక్కువ. కావున మేము ఏడుగురము కూడి ఒక నియమము చేసికొంటిమి. రెండు మాసముల కొక దినము ఊరు చూడవలయును. ఆ దినమున మేము పొయ్యి ముట్టింపరాదు. "మఱి వంట యెవరు చేయుదురు?" అను ప్రశ్న ఏడు ఇండ్లలోను వచ్చినది. మా యింటివారు ఉపాధ్యాయులు. ప్రశ్న వేసిన వారినే సమాధానము చెప్పుమనుట వారికి అలవాటు. కావున ఆ న్యాయమున ఆ దినము ఉప్మా వారే చేసిరి. ఉప్పు రెండుమారులు పడినదని పిల్లలు చెప్పిరి. ఇల్లు మునిగిపోలేదు.

ప్రయాణపు ఖర్చును గుఱించి ఒక మాట. తెలంగాణమునందు 2023 డిసెంబరు 9వ తేదినుండి ఆర్టీసీవారి సాధారణపు బస్సులలోను, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను స్త్రీలకు టిక్కెట్టు సొమ్ము లేదు. స్థానికులమని తెలుపు గుర్తింపుకార్డు చూపిన చాలును. బస్సునకు చిల్లర యడుగ పనిలేకపోవుట చిన్న సంగతిగా పురుషులకు తోచవచ్చును. చేతిలో తనదను పైకము లేని యిల్లాలికి అది చిన్న సంగతి కాదు.

చార్మినారు

ఉదయమున ఎండ ముదురకముందే చార్మినారు చేరుట మేలు. గోలకొండ నవాబులలో ఐదవవాడగు మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591వ సంవత్సరమున దీనిని కట్టించెను. ఇది నాలుగు దిక్కులకును నాలుగు కమానులు, నాలుగు మూలలను సుమారు 56 మీటరుల యెత్తుగల నాలుగు మీనారులు కలది. పై యంతస్తున పడమటివైపు మసీదున్నది. నాలుగు వైపులను కనబడు గడియారములు కులీ కాలమునాటివి కావు. 1889వ సంవత్సరమున అమర్చినవి. ఈ కులీ దక్కనీ భాషయందు కవి. ఈతని తండ్రి ఇబ్రహీమును మన తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. అచ్చతెనుగున మొదటి కావ్యమగు యయాతిచరిత్రమును పొన్నెగంటి తెలగన్న అంకితమిచ్చినది ఆ నవాబు కొలువులోని అమీనుఖానునకే. ఈ ఊరు మనది కాదనుకొను తెలుగు చదువరులు దీనిని గుర్తుంచుకొనవలయును.

మెట్లు ఇఱుకైనవి, నిటారైనవి, మెలికలు తిరుగునవి. చీర కుచ్చిళ్లు ఒక చేత పట్టుకొని, రెండవ చేత గోడ నానుకొని ఎక్కవలయును. మోకాళ్ల నొప్పులవారు క్రిందనే కూర్చుండుట మంచిది. మాతో వచ్చినవారిలో ఒక సోదరి ముప్పదేండ్లనుండి ఈ గోపురపు నీడలోనే కాపురము చేసినది. ఆమె పైకి రావడము అదే మొదటిసారి. పైకి వచ్చి ఆయాసము తీఱకముందే పిట్టగోడ వద్దకు పోయి, మా వాడ మేడలను ఒకటొకటిగా వెదకి, "అదిగో మా డాబా! బట్టలు ఇంక తీయలేదు!" అనెను. అందఱము నవ్వితిమి. తరువాత ఆమె మఱియేమియు మాటాడక చాలసేపు అటే చూచుచు నిలిచెను. మేమును తొందరపెట్టలేదు.

దిగి నైరుతి వంకకు నాలుగడుగులు వేసినచో మక్కామసీదు. 1617వ సంవత్సరమున మహమ్మద్ కుతుబ్‌షా మొదలిడగా, 1694వ సంవత్సరమున ఔరంగజేబు కాలమున ముగిసినది. రాజ్యము మాఱినను పని నిలువలేదు. నడిమి కమానునకు మక్కానుండి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు వాడిరని చెప్పుదురు.

ఈ నవాబుల ఇంటి స్త్రీ యొకతెను గుఱించి చెప్పక ముందుకు పోజాలము. హయాత్ బక్షీ బేగము కులీకి కూతురు, అతని తరువాత ఏలిన మహమ్మదునకు భార్య, ఆ పిమ్మట ఏలిన అబ్దుల్లాకు తల్లి. 1656వ సంవత్సరమున మొగలుల సేన ఊరిని ముట్టడించినపుడు, ఔరంగజేబు శిబిరమునకు స్వయముగా పోయి సంధి మాటలాడినది ఆమెయే. జనులు ఆమెను మాసాహెబా యని పిలిచిరి. నేడు బస్సులవారు కేకవేయు "మాసాబ్ ట్యాంకు" అను పేరులో దాగియున్నది ఆ తల్లియే. ఆమె పేర హయాత్‌నగరము వెలసినది.

గాజుల వీథి

చార్మినారునకు పడమట లాడ్‌బజారు. లక్క మనకు కొత్త కాదు; భారతమునందలి లక్కయింటిని, పాదముల లత్తుకను ఎఱుగనివారు లేరు. ఇచట లక్కను నిప్పుసెగను మెత్తపఱచి, రంగు కలిపి, పిసికి, సన్నని తీగవలె సాగదీసి, లోహపు చుట్టునకు చుట్టుదురు. అది ఇంకను వెచ్చగా నుండగనే అద్దపు తునకలను, రాళ్లను ఒకటొకటిగా అద్దుదురు. చల్లారిన రాయి నిలువదు. వేడి యెక్కువైన లక్క కారును. ఆ నడుమనున్న కొద్ది క్షణములే పనివారి విద్య. ఈ గాజులకు 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. రాళ్లద్దు పనిని ఇండ్లలో కూర్చుండి చేయు స్త్రీలు అనేకులు. మా ప్రక్కింటి ఆపాగారు బాల్యమున ఆ పని చేసిన వారే. వారి వ్రేళ్ల కొనలపై కాలిన మచ్చలు నేటికిని కలవు. "బేరము చేయండి, కాని కూలి మిగులనీయండి" అని వారు మాకు చెప్పినమాట. దానిని చదువరులకును అందించుచున్నాము.

రాజభవనము, ప్రదర్శనశాల

ఎండ పెరుగు వేళకు నీడ గల చోటికి పోవలయును. ఖిల్వతునందలి చౌమహల్లా అసఫ్‌జాహీ ప్రభువుల కొలువుకూటము. పదునెనిమిదవ శతాబ్దమున మొదలై 1857–1869 సంవత్సరముల నడుమ పూర్తియైనది. నాలుగు మహలులుండుటచే ఆ పేరు. దర్బారుశాలలో 19 బెల్జియము గాజు దీపగుచ్ఛములు వ్రేలాడుచున్నవి. చాలకాలము పాడుపడియుండి, బాగుచేయబడి, 2005వ సంవత్సరమున ప్రజలకు తెఱవబడినది. మెట్లెక్కలేని అత్తగారలను, చంటిపిల్లల తల్లులను తీసికొనిపోవుటకు ఇంతకు మించిన తావు లేదు. కొలని గట్టున కూర్చుండి ఏమియు చేయకుండవచ్చును. ఆ ఏమియు చేయకుండుట కొఱకే కదా వచ్చినది!

మూసీనది దక్షిణపు గట్టున సాలార్‌జంగు ప్రదర్శనశాల కలదు. మూడవ సాలార్‌జంగగు మీర్ యూసఫ్ అలీఖాను వివాహము చేసికొనక, తన ధనమునెల్ల కళావస్తువులకే వెచ్చించి, 1949వ సంవత్సరమున మరణించెను. 1951వ సంవత్సరమున నెహ్రూగారు ఆయన నివాసమగు దివాన్ దేవిడియందు దీనిని ప్రారంభించిరి. 1968లో ఇప్పటి భవనమునకు మార్చిరి. అన్నియు ఒకనాడు చూచెదమను వారు ఏదియు చూడలేరు. మూడు చూచిన చాలును. మొదటిది, బెంజోనీ యను ఇటలీ శిల్పి చెక్కిన మేలిముసుగు రెబెకా. చలువఱాతిలో నుండి ముసుగును, ముసుగులో నుండి ముఖమును కనబఱచుట ఎట్లు సాధ్యమైనదో ఎంతసేపు చూచినను తెలియదు. రెండవది, ఒకే మ్రాను మొద్దున ముందువైపు గర్వించిన పురుషుని, వెనుకవైపు తలవంచిన స్త్రీని చెక్కిన జంటబొమ్మ; వెనుకనున్న అద్దములో ఆమెను చూడవలయును. మూడవది, గంట గంటకు ఒక చిన్న బొమ్మ వెలికివచ్చి గంట కొట్టు గడియారము. పిల్లలకు ఇదియే ప్రధానము.

తిరిగివచ్చుచు మూసీకి ఆవలి గట్టున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును చూపవలయును. 1908 సెప్టెంబరు 28వ తేదిని వరద ఊరిని ముంచినపుడు సుమారు 150 మంది ఆ చెట్టు కొమ్మలపై ప్రాణములు నిలుపుకొనిరి. అట్టి వరద మరల రాకుండుటకే ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము కట్టబడినవి.

కొన్ని సూచనలు

శుక్రవారము చౌమహల్లాయు, ప్రదర్శనశాలయు మూసియుండును. జంతుప్రదర్శనశాలకు సోమవారము సెలవు. కార్తికమునుండి మాఘము వఱకు నడకకు హాయి. ఆషాఢమున లాల్‌దర్వాజా బోనములు, రంజానునందు రాత్రి బజారులు చూడదగినవే కాని, చంటిపిల్లలతో ఆ రద్దీలోనికి పోరాదు. మరుగునకు చోటు దొఱకదను భయమున దప్పికోర్చి తిరుగుట మన స్త్రీలకు అలవాటు. అది ఆరోగ్యమునకు చేటు. రాజభవనమునందును, ప్రదర్శనశాలయందును వసతి కలదు గాన, వానిని నడుమనుంచుకొని దినమును కూర్చుకొనవలయును. మధ్యాహ్నమునకు ఇంటి పులిహోర మూట కట్టరాదు, నియమభంగమగును! ఇరానీ టీయు, ఉస్మానియా బిస్కత్తులును ఎచటనైనను దొఱకును.

దూరదేశములకు పోగలవారు తప్పక పోవలయును. 1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి ఈ ఊరిమీదుగ పోయి తిరిగి యిల్లు చేరుటకు పదునైదు మాసములు దాటినవి. మనకంత కష్టము లేదు. కంబోడియాలోని ఆంగ్‌కోర్‌వాట్ గోడలపై కురుక్షేత్రమును, సముద్రమథనమును, జావాలోని ప్రంబనాన్ కోవెలలపై రామకథను చెక్కియున్నారు. భారతరామాయణములు చదివిన యిల్లాలికి అచట భాష రాకున్నను కథ తెలియును. కాని బయలుదేరకముందు మూడు సంగతులు తేల్చుకొనవలయును. ఆరు దినములలో ఐదు ఊళ్లు చూపెదమను ఏర్పాటును ఒల్లరాదు. వంట చేసికొనవలసిన బసను ఒల్లరాదు. పాసుపోర్టును, కొంత పైకమును ఇల్లాలు తన చేతిసంచిలోనే ఉంచుకొనవలయును.

ఇంటిపని నీచమని మేము చెప్పుట లేదు. అన్నపూర్ణతో పోల్చదగిన పని నీచమెట్లగును? కాని అన్నపూర్ణయు కాశిని చూడవలయును కదా! కావున ఈ సెలవులలో ప్రయాణపు మాట వచ్చినపుడు, సోదరీమణులు సర్దవలసిన సామానుల జాబితాకు ముందు, తాము చూడగోరు ఒక్క చోటి పేరును బిగ్గరగా చెప్పుదురు గాక. అది ఆంగ్‌కోర్ కానిండు, నాలుగు వీథుల అవతలి మీనారు కానిండు.