వాలుకొమ్మల చెట్టుకు కత్తెర ఎక్కడ పెట్టాలి?

మొక్క కాండం పైకి పెరుగుతుంది, వేరు కిందికి పోతుంది. ఈ సంగతి మీరు చిన్న తరగతుల్లోనే చదువుకున్నారు. మరి కొన్ని చెట్ల కొమ్మలు నేల వైపు ఎందుకు వేలాడతాయి?

హైదరాబాదు నుంచి పూనా వైపు 65వ నెంబరు జాతీయ రహదారి మీద వెళుతుంటే, కర్ణాటక సరిహద్దుకు కాస్త ఇవతల జహీరాబాద్ వస్తుంది. జహీరాబాద్ లాంటి మన పట్టణాల్లో పాఠశాలల ఆవరణల్లో, పార్కుల్లో, ఇళ్ల గేట్ల పక్కన ఇలాంటి వాలుకొమ్మల చెట్లు పెంచుతుంటారు. వాటిలో ఒకటి నరమామిడి. స్తంభంలా నిటారుగా ఎదిగి, కొమ్మలన్నిటినీ ఒంటికి ఆనించుకొని నిలబడుతుంది. చాలామంది దీన్ని అశోకం అంటారు గాని, గుత్తులుగా నారింజ ఎరుపు పూలు పూసే అసలు అశోకం వేరు. రెండోది బాటిల్ బ్రష్. సీసాలు కడిగే బ్రష్షులాంటి ఎర్రని పూలు, సన్నని పొడుగాటి ఆకులు, గొడుగు అంచులా జారే కొమ్మలు దీని గుర్తులు. నరమామిడికి కత్తెరతో పెద్దగా పని లేదు. బాటిల్ బ్రష్‌కు ఉంది. ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే.

ఈ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ ఏటి ఒడ్డున పెరుగుతుంది. 1788లో గేర్ట్‌నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికి పెట్టిన పేరులో ‘విమినాలిస్’ అన్న మాట ఉంది. బుట్టలు అల్లడానికి పనికివచ్చే సన్నని, వంగే కొమ్మలను లాటిన్ భాషలో అలా అంటారు. మన దగ్గర ఇది సాధారణంగా పదిహేను ఇరవై అడుగులకు మించదు. చిన్న చెట్టు కాబట్టి ఎవరికి పడితే వాళ్లకి కత్తెర అందుతుంది. దానికి వచ్చిన చిక్కల్లా అదే! దారికి అడ్డంగా ఉందనో, ఊడ్వడానికి వీలుగా లేదనో, వేలాడే కొమ్మల చివర్లన్నీ ఒకే ఎత్తున టకటకా కత్తిరించేస్తారు. ఆ ఏడు పూలు రావు. పైగా మూడు నెలలు తిరిగేసరికి ఆ చివర్లన్నీ చీపురుకట్టల్లా గుబురుగా తయారవుతాయి. మళ్లీ కత్తిరిస్తారు. మళ్లీ గుబురు!

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే, కొమ్మకు పైకీ కిందికీ తేడా ఎలా తెలుస్తుందో ముందు చూడాలి.

1806లో ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ అనే ఆయన ఒక చిత్రమైన ప్రయోగం చేశాడు. తన తోటలో పారే నీటితో తిరిగే చిన్న చక్రం ఏర్పాటు చేసి, దాని అంచున మొలకెత్తే చిక్కుడు గింజలను కట్టాడు. చక్రం వేగంగా తిరుగుతూ ఉంది. కొన్నాళ్లకు చూస్తే వేళ్లన్నీ చక్రం బయటి వైపుకూ, మొలకలన్నీ ఇరుసు వైపుకూ పెరిగాయి. అంటే మొక్క బరువు లాగే దిక్కును పసిగడుతుందన్నమాట. వేరు ఆ దిక్కుగా పోతుంది, కాండం దానికి ఎదురు పోతుంది. దీన్నే గురుత్వానువర్తనం అంటారు.

పసిగట్టేది ఎలా? లేత కాండంలో ఒక వరుస కణాలు ఉంటాయి. వాటిలో బరువైన పిండిరేణువులు ఉంటాయి. సీసాలో ఇసుక అడుగుకు చేరినట్టు, అవి కణంలో కింది వైపుకు జారి కూర్చుంటాయి. కాండాన్ని పక్కకు పడుకోబెడితే రేణువులు కూడా జరిగి కొత్త అడుగున చేరతాయి. అప్పుడు ఆక్సిన్ అనే హార్మోను కాండం కింది వైపు ఎక్కువగా పోగుపడుతుంది. కింది వైపు కణాలు ఎక్కువ సాగుతాయి, కొన పైకి లేస్తుంది. జపానులో తీగలా వాలిపోయే ఒక రకం పూలమొక్క ఉంది. దాని కాండంలో ఈ కణాల వరుసే సరిగా ఏర్పడదని అక్కడి శాస్త్రజ్ఞులు 2005లో కనిపెట్టారు. పాపం, దానికి పైకీ కిందికీ తేడా తెలియదు!

అయితే వాలిన కొమ్మలన్నిటికీ కారణం ఇదే అనుకోకూడదు. లేత కొన పైకి లేవడం ఒక ఎత్తు, ముదిరిన కొమ్మ తన బరువును మోయడం మరో ఎత్తు. మామూలు చెట్లలో, వంగుతున్న కొమ్మ పై భాగాన ఒక ప్రత్యేకమైన కర్ర తయారవుతుంది. అది గుడారం తాడులా కొమ్మను పైకి లాగి పట్టుకుంటుంది. జపానువారి వాలుకొమ్మల చెర్రీ చెట్లలో ఈ లాగుడు చాలదు. 1990ల్లో అక్కడివారు ఆ కొమ్మల మొగ్గలకు జిబ్బరెల్లిన్ అనే హార్మోనును అందించి చూశారు. కిందికి వాలవలసిన కొమ్మలు పైకి నిలబడి పెరిగాయి!

మన బాటిల్ బ్రష్ సంగతి చెట్టు దగ్గరికి వెళ్లి మీరే చూడండి. చిగురు వేసేటప్పుడు కొత్త కొమ్మ పైకే బయలుదేరుతుంది. పొడుగు పెరిగేకొద్దీ, ఆకుల బరువూ పూల బరువూ పడేకొద్దీ విల్లులా వంగుతుంది. ఒక కొత్త చిగురుకు రంగు దారం కట్టి, ప్రతి ఆదివారం ఆ దారం నేలనుంచి ఎంత ఎత్తున ఉందో కొలిచి రాసుకోండి. దారం కొన్ని వారాలు మెల్లగా పైకి లేచి, తర్వాత దిగడం మొదలుపెడుతుంది. దాన్ని గ్రాఫు కాగితం మీద గీస్తే కొమ్మ వంపు ఎలా పుట్టిందో కళ్లకు కడుతుంది.

ఈ పరిశీలనలోనే ఒక పాఠం ఉంది. వాలే చెట్టుకు ఎత్తు వచ్చేది ఆ పైకి లేచే చిగుళ్ల వల్లనే. ‘ఇదేమిటి, గొడుగులా వాలవలసిన చెట్టులో నిక్కబొడుచుకున్న కొమ్మ!’ అని లేతచెట్టులో వాటినన్నిటినీ నరికేస్తే, చెట్టు ఎప్పటికీ ఎదగక నేల మీద కుప్పగా పడి ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు ఒక బలమైన కొమ్మను ఎంచుకొని, పక్కన వెదురు కర్ర పాతి, మెత్తని గుడ్డపీలికతో వదులుగా కట్టాలి. అది తలెత్తు దాటాక వాలనివ్వాలి. అంటుకట్టిన వాలుచెట్టయితే లెక్క మారుతుంది. అంటు కింద, మొదలునుంచి వచ్చే నిటారు కొమ్మ వేరే మొక్కది. దాన్ని కనిపించిన వెంటనే తీసెయ్యాలి, లేకపోతే అంటును మింగేస్తుంది. మామిడి అంట్లు పెంచేవారికి ఇది తెలిసిన విషయమే. స్కాట్లండులోని కాంపర్‌డౌన్ తోటలో 19వ శతాబ్దంలో నేలమీద పాకే ఎల్మ్ మొక్క ఒకటి దొరికింది. దాని కొమ్మలను నిటారు ఎల్మ్ చెట్ల మొదళ్ల మీద అంటుకట్టే ప్రపంచమంతా గొడుగు ఎల్మ్‌లను పెంచారు.

ఇక పువ్వు దగ్గరికి వద్దాం. బ్రష్షులా కనిపించేది ఒక పువ్వు కాదు, కొమ్మ చుట్టూ కూర్చున్న ఎన్నో చిన్న పువ్వులు. ఎర్రగా మెరిసేవి రేకులు కావు, కేసరాలు. అంతకంటే వింత ఏమిటంటే, పూత అయిపోయాక కొమ్మ ఆగదు. బ్రష్షు కొననుంచే మళ్లీ ఆకులతో ముందుకు సాగుతుంది. పూలున్న చోట గట్టి గుండ్రని కాయలు కొమ్మను అంటుకొని కొన్నేళ్లపాటు ఉండిపోతాయి. అందుచేత ఒక పాత కొమ్మను మొదటినుంచి కొనదాకా తడిమి చూస్తే ఆకులు, కాయల పట్టీ, మళ్లీ ఆకులు, మళ్లీ కాయల పట్టీ ఇలా వస్తాయి. ఒక్కొక్క పట్టీ ఒక్కొక్క పూత. మన దగ్గర కొన్ని చెట్లు ఏడాదికి ఒకటికంటే ఎక్కువసార్లు పూస్తాయి కాబట్టి వీటిని ఏళ్లుగా లెక్కపెట్టకండి.

రాబోయే పూత ఎక్కడ ఉందో ఇప్పుడు తెలిసిపోయింది కదా? కొమ్మల చివర్లలో! వేలాడే చివర్లను ఒక ఎత్తున కోసినవారు పూలను కోసి పారేశారన్నమాట. గుబురు సంగతికి వస్తే, కొమ్మ కొననుంచి వచ్చే ఆక్సిన్ వెనకనున్న పక్క మొగ్గలను నిద్రపుచ్చి ఉంచుతుంది. దీనికి అగ్రాధిక్యత అని పేరు. కొన పోగానే కాపలా పోయి, కోతకు దగ్గరలో ఉన్న మూడు నాలుగు మొగ్గలు ఒక్కసారిగా లేస్తాయి. వంద కొమ్మలు కోస్తే మూడు నాలుగు వందల కొమ్మలు! అన్నీ చెట్టు కింది అంచునే! లోపల చీకటి పడి, ఆకులు రాలి, బోసి పుల్లలు మిగులుతాయి.

ఇదే సూత్రాన్ని మనకు పనికివచ్చేట్టు వాడుకోవచ్చు. పూత వాడిపోయాక, కాయలు కట్టకముందే, వాడిన బ్రష్షుకు కాస్త వెనక, ఆకులున్న చోట కత్తిరించండి. కాయలకు పోవలసిన ఆహారం చిగుళ్లకు పోతుంది. ఒక్క కొన ఉన్న చోట రెండు మూడు వస్తాయి, ఒక్కొక్కటీ బ్రష్షు మోస్తుంది. అయితే చెట్టంతా ఇలా చెయ్యనక్కరలేదు. కొమ్మలు మరీ కిక్కిరిసి ఉంటే చివర్లు కొయ్యడం దండగ. ముసలి కొమ్మను, ఎండినదాన్ని, మరొకదాన్ని రాసుకుంటున్నదాన్ని పుట్టినచోటనుంచే పూర్తిగా తీసెయ్యాలి. కొన కోతకు గుబురు పుడుతుంది, మొదలు కోతకు ఖాళీ పుడుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని తెలిసినట్టే.

కొమ్మను మధ్యలో కొయ్యవలసి వస్తే వంపు పై భాగాన, ఆకాశం వైపు చూస్తున్న మొగ్గకు కొద్దిగా ముందు కొయ్యాలి. ఆ చిగురు పైకి లేచి, బయటికి సాగి, ఆ తర్వాత వాలుతుంది. గొడుగు వెడల్పవుతుంది. కింది వైపు మొగ్గ దగ్గర కోస్తే చిగురు తిన్నగా కిందికి దిగి మొదలుకు అతుక్కుంటుంది.

లావు కొమ్మలు పెద్దవాళ్లు కొయ్యవలసినవి. మీరు పక్కన నిలబడి ఒక్క విషయం చెప్పండి: మానుకు ఆనించి నున్నగా కొయ్యవద్దని. కొమ్మ పుట్టినచోట ఉంగరంలా ఉబ్బు ఉంటుంది. దాన్ని కాలరు అంటారు. అమెరికాలో అలెక్స్ షైగో అనే అటవీ శాస్త్రజ్ఞుడు వేలాది చెట్లను రంపంతో నిలువునా కోసి, గాయపడిన చెట్టు లోపల ఏం జరుగుతుందో చూశాడు. మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదు. చెడిన భాగం చుట్టూ చెట్టు గోడలు కట్టి, దాన్ని లోపలే బంధించి, పైన కొత్త కర్ర పెంచుకుంటుంది. 1970ల్లో ఆయన వివరించిన ఈ సంగతి, ఎన్నో ఏళ్లుగా వస్తున్న తోటపని పద్ధతిని మార్చేసింది. ఆ గోడ కట్టే సామగ్రి కాలరులో ఉంది. దాన్ని కోసేస్తే తాపీమేస్త్రీని పనిలోంచి తీసేసినట్టే! అలాగని జానెడు మొద్దు వదిలినా అది కుళ్లుతుంది. ముందు ఒక అడుగు దూరంలో కింది వైపునుంచి సగం కోత, ఆ తర్వాత ఇంకాస్త బయట పై వైపునుంచి కోత. కొమ్మ బరువు పడిపోయాక కాలరుకు బయటగా చివరి కోత. ఇలా చేస్తే బెరడు చీలి వేలాడదు. చెట్టు మీదుగా కరెంటు తీగలు పోతుంటే మాత్రం కత్తెర పట్టుకోకుండా విద్యుత్ శాఖవారికి కబురు చెయ్యాలి.

ఎప్పుడు కొయ్యాలి? జహీరాబాద్‌లో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో చెట్టును బోసిగా చేస్తే, ఇన్నాళ్లూ నీడలో ఉన్న లోపలి బెరడు మాడిపోతుంది. వాడిన పూల కోత పూత అయిన వెంటనే చెయ్యవచ్చు. కొమ్మలు తీసే పెద్ద పని జూన్‌లో తొలకరి పడ్డాక మేలు. చలికాలం చివర కొయ్యడం అన్నిటికంటే తప్పు, వేసవి పూలన్నీ పోతాయి. కొయ్యబోయేముందు కొమ్మల మధ్య ఒకసారి చూడండి. తేనెపిట్టలకు ఈ పూలంటే ప్రాణం. సంచిలాంటి గూళ్లు అవి వేలాడే సన్నకొమ్మలకే కడతాయి. గూడు ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాలి.

జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రనేలా ఉంది, నల్లరేగడీ ఉంది. ఎర్రనేలలో ఈ చెట్టు హాయిగా ఉంటుంది. సున్నం ఎక్కువున్న నల్లనేలలో లేత ఆకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నేలలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని వేళ్లకు అందనివ్వదు. కొంచెం ఎండిన మట్టి తీసి నిమ్మరసం పిండి చూడండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉందన్నమాట. అలాంటి చోట ఎరువు కుమ్మరించడంకంటే ఏటా ఆకుచెత్త, చివికిన పశువుల ఎరువు పరచడం మంచిది. అది మొదలుకు తగలకూడదు. నీళ్లు కూడా మొదట్లో పొయ్యకండి. కొమ్మల అంచు ఎక్కడ దిగుతుందో దాని కింద గుండ్రంగా పాదు తీసి అక్కడ పొయ్యండి. నీటిని పీల్చే సన్నవేళ్లు ఎక్కువగా అటువైపే ఉంటాయి.

కోసిన కొమ్మలను పారెయ్యకండి. కాయలున్న పుల్లలను ఒక కాగితపు సంచిలో వేసి ఉంచితే, కొన్నాళ్లకు కాయలు నోరు తెరిచి దుమ్ములాంటి గోధుమరంగు విత్తనాలు రాలుస్తాయి. తడి ఇసుక మీద చల్లి, మట్టితో కప్పకుండా ఉంచితే మొలుస్తాయి. కాని గింజల మొక్కలన్నీ తల్లిలాగే వాలవు. కొన్ని ఎక్కువ వాలతాయి, కొన్ని నిక్కి నిలబడతాయి. తల్లి వాలకమే కావాలంటే వానాకాలంలో పెన్సిలంత కొమ్మముక్కలు నాటాలి.