గడ్డివామి, పశువుల పాక, వంటిల్లు: రైతు ఇంటికి అగ్గి జాగ్రత్తలు

వీడియోలో మా గడ్డివామి, పశువుల పాక, వంటిల్లు తిరిగి చూపించాను. అందులో చెప్పినవే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు, పాలేరుకు కూడా చదివి వినిపించండి.

మనం పొలంలో ఏదీ తగలబెట్టం. వరిగడ్డి, జొన్నచొప్ప, వేరుశనగ కట్టె, కందికంప, కొబ్బరి మట్టలు అన్నీ మేతకో, ఆచ్ఛాదనకో దాచుకుంటాం. మంచి పనే. కానీ పొలంలో కాలకుండా మిగిలిన ఆ సరుకంతా ఎక్కడికొచ్చింది? మన ఇంటి పక్కకే వచ్చింది. దాన్ని వదులుకోలేం, అది మన నేలకు ఆస్తి. కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్కటే. కాలేదానికీ, కాల్చేదానికీ మధ్య ఎడం ఉంచాలి. కింద చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

వామి తనంతట తానే అంటుకుంటుందా?

వామి కాలితే ఊళ్లో ముందు వచ్చే మాట, "ఎవడో గిట్టనివాడు అంటించాడు" అని. బీడీ ముక్క వల్లో, పైన వేలాడే కరెంటు తీగ నిప్పురవ్వల వల్లో అంటుకోవడం ఉన్నదే. కానీ తడి మేత ఎవరూ ముట్టించకుండానే అంటుకోగలదు. ఈ సంగతి తెలియక అన్నదమ్ముల మధ్య, ఇరుగుపొరుగు మధ్య పగలు పెరుగుతాయి.

ఇది మనకు కొత్త విషయం కాదు. కంపోస్టు కుప్ప లోపల చెయ్యి పెడితే వేడి తగులుతుంది కదా. సూక్ష్మజీవులు తడి గడ్డిని తింటూ పుట్టించే వేడి అది. వామిలో కూడా జరిగేది అదే. గడ్డి తడిగా ఉండి, గట్టిగా తొక్కి పేర్చితే వేడి బయటికి పోయే దారి ఉండదు. సుమారు 70 డిగ్రీలు దాటాక ఆ వేడికి సూక్ష్మజీవులు చచ్చిపోయినా, గడ్డిలో రసాయన చర్య మొదలై వేడి ఇంకా పెరుగుతూ పోతుంది. మామూలుగా వామి వేసిన రెండు నుంచి ఆరు వారాల లోపు ఈ ప్రమాదం ఎక్కువ.

అందుకే మేతలో తడి 20 శాతం లోపుకు దిగాకే వామి వెయ్యాలి. మీటరు లేకపోతే గుప్పెడు గడ్డి మెలిపెట్టి చూడండి. పెళపెళ విరిగితే ఆరినట్టు, తోలులా వంగితే తడి ఉన్నట్టు. ఆకు ఎక్కువ ఉండే వేరుశనగ కట్టె, పచ్చిమేత ఎండబెట్టినవి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. బేలర్ కట్టలు బిగువుగా ఉంటాయి కాబట్టి లోపలి తడి తొందరగా ఆరదు. వాటిని కొన్నాళ్లు ఎడంఎడంగా పెట్టి, తర్వాత పేర్చండి.

కొత్త వామిలోకి ఇనుప కడ్డీ గుచ్చి పావుగంట ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే ప్రమాదమే. తెల్లవారుజామున వామి మీద ఆవిరి కనిపించినా, మాడు వాసన వచ్చినా అంతే. అప్పుడు మాత్రం తొందరపడి వామి విప్పకండి. లోపలికి గాలి దూరగానే భగ్గుమంటుంది. వామి పైకి ఎక్కకండి, లోపల కాలి డొల్లైన చోట మనిషి కూరుకుపోతాడు. ముందు 101కి ఫోన్ చేసి, ఫైరింజన్ వచ్చాకే విప్పించండి.

ఎంత ఎడం?

మా ఇంట్లో వామికీ ఇంటికీ మధ్య 60 అడుగులు, వామికీ పాకకూ మధ్య 40 అడుగులు ఉంచాం. మీకు స్థలం తక్కువైతే రోజుకు కావలసిన మేత మాత్రమే పాక దగ్గర పెట్టి, మిగతాది పొలంలోనే వామి వేసుకోండి. ఒక పెద్ద వామి బదులు రెండు చిన్నవి వేస్తే, ఒకటి పోయినా పశువులకు ఇంకొకటి మిగులుతుంది. కరెంటు తీగల కింద వామి వద్దు. గోడల చుట్టూ పది అడుగుల వరకు ఎండు ఆచ్ఛాదన కూడా వద్దు. అక్కడ పచ్చగా ఉండే అరటి, కలబంద లాంటివి పెట్టుకోండి.

మనం తగలబెట్టకపోయినా పక్క పొలంలో కొయ్యకాళ్లు కాలుస్తారు. కోతలు అయిన వెంటనే మన గట్టు లోపల చుట్టూ ట్రాక్టరుతో రెండు సాళ్ల వెడల్పు దున్ని, గడ్డి లేకుండా ఉంచితే నేల మీద పాకే మంట అక్కడ ఆగుతుంది. గాలి ఉంటే నిప్పురవ్వలు ఎగిరొస్తాయి కాబట్టి ఆ రోజు కాపలా కూడా కావాలి.

పశువుల పాక

దోమలకు వేపాకు, పిడకల పొగ వేస్తాం. ఆ నిప్పును నేల మీద కాకుండా ఇనుప బాండీలో వెయ్యండి, గాలి వచ్చే వైపు పాక బయట పెట్టండి. పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పేయండి. పిడక పైకి బూడిదైనా లోపల గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటుంది.

పలుపు ముడి కొస లాగగానే ఊడిపోయేలా ఉండాలి. పాక అంటుకున్నప్పుడు గట్టి ముడులు విప్పుతూ కూర్చునే సమయం ఉండదు. పలుపు కోయడానికి ఒక కొడవలి పాక బయట గుంజకు తగిలించి ఉంచండి.

వంటిల్లు

సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. గోబర్ గ్యాస్ గాలికన్నా కాస్త తేలిక, పైకప్పు కిందికి చేరుతుంది. అందుకే సిలిండర్ ఉన్న గదికి కింద గాలి పోయే దారి, గోబర్ గ్యాస్ ఉన్న గదికి పైన వెంటిలేటర్ ఉండాలి. వాసన వస్తే స్విచ్ వెయ్యొద్దు, తియ్యొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. లీకు ఎక్కడో చూడటానికి సబ్బు నురగ వాడాలి, అగ్గిపుల్ల ఎప్పుడూ వద్దు.

సిలిండర్ పైభాగంలో పట్టీ మీద ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటుంది. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబర్ వరకు, డి అంటే డిసెంబర్ వరకు. ఆ గడువు దాటిన సిలిండర్ వస్తే తీసుకోకండి. రబ్బరు పైపును అయిదేళ్లకు మించి వాడొద్దు, ముందే పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చండి.

కరెంటు

ఫ్యూజు ఎగిరిపోతోందని లావు రాగి తీగ చుట్టడం మన ఊళ్లలో మామూలే. ఫ్యూజు కాలడమంటే అది తన పని చేసిందని అర్థం. దాన్ని కాలనివ్వకపోతే గోడలో వైరు కాలుతుంది. దాని బదులు ఎం.సి.బి. పెట్టించండి. లీకేజీ కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా ఉంటే మంచిది. బ్యాటరీ స్ప్రేయర్లు, ఎలక్ట్రిక్ బండ్లు రాత్రంతా మంచం పక్కనో, గడ్డి పక్కనో చార్జింగ్ పెట్టకండి.

రేటు కోసం పత్తిని ఇంట్లో పోసుకునేవాళ్లు ఆ గదిలో స్విచ్ బోర్డు, దేవుడి దీపం, పొయ్యి లేకుండా చూసుకోండి. పత్తిలో నిప్పు పైకి కనపడకుండా లోలోపల పాకుతుంది. పైన నీళ్లు చల్లి ఆరిపోయిందనుకోవద్దు. బయటికి లాగి, విడదీసి తడపాలి.

అంటుకుంటే

ఇల్లు కాలుతుండగా బావి తవ్వలేం. జీవామృతం కలిపే 200 లీటర్ల డ్రమ్ము లాంటిదే ఇంకొకటి నిండా నీళ్లతో, రెండు బకెట్లతో వామికీ పాకకూ అందుబాటులో ఉంచండి. గడ్డికి, కట్టెలకు నీళ్లు పనిచేస్తాయి. మరిగే నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు పోయొద్దు, స్టవ్ కట్టేసి మూత పెట్టండి. కరెంటు మంటకు ముందు మెయిన్ ఆపాలి. మనుషులు బయటపడ్డాక గేదె కోసమో, కాగితాల కోసమో కాలుతున్న చోటికి మళ్లీ వెళ్లకూడదు.

ఒళ్లు కాలితే వెంటనే పారే చల్లటి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచి, 108కి ఫోన్ చెయ్యండి. పసుపు, టూత్‌పేస్టు, పేడ, పంచగవ్య ఏవీ రాయకండి. పేడ మన నేలకు అమృతమే, కానీ కాలిన పుండుకు ధనుర్వాతం తెస్తుంది.

ఎండలు ముదరకముందే ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. నిప్పు ఎక్కడుంది, దానికి దగ్గరగా కాలే సరుకు ఏముంది అని పిల్లలనే చెప్పమనండి. మీ వామికీ ఇంటికీ మధ్య ఎన్ని అడుగులు ఉన్నాయో ఇవాళే కొలవండి.