దిల్‌సుఖ్‌నగర్ నుంచి డల్లాస్‌కు ఒక ఎస్ఎంఎస్

సంక్రాంతి రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున పదకొండున్నర అయ్యేసరికి డల్లాస్‌లో అర్ధరాత్రి పన్నెండు. న్యూజెర్సీలో ఒంటిగంట, కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి పది. పచ్చళ్లూ పిండివంటలూ అమ్మే దుకాణంలో పొద్దుటి హడావిడి కాస్త సద్దుమణిగేది అప్పుడే. ‘అరిసెలు, సకినాలు రెడీ, అమెరికాకు కొరియర్ ఉంది’ అని మెసేజ్ రాసి, కంప్యూటర్‌లో ఉన్న నంబర్లన్నింటికీ ఒకేసారి కొట్టేద్దామనిపించేదీ అప్పుడే. ఆ జాబితాలో ప్లస్ 91 నంబర్లు, ప్లస్ 1 నంబర్లు కలగలిసి ఉంటాయి. తెర మీద రెండూ అంకెలే. చట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేని దారి దానిదే.

ఎల్బీ నగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్. ఈ నాలుగు మెట్రో స్టేషన్ల కిందుగా నడిచి వెళితే ఇక్కడి జనానికి విదేశాలతో ఎంత పని ఉందో తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ కోర్సుల ఇనిస్టిట్యూట్లు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, హాస్టళ్లు, బట్టల షోరూములు, వాటి మధ్య ఇరుక్కుని కొరియర్ కొట్లు. అమ్మ ఆవకాయ, కారప్పొడులు తెచ్చిస్తే తూకం వేసి, కారకుండా కవర్ల మీద కవర్లు చుట్టి, అట్టపెట్టెకు టేపు వేసి, దాని మీద కొడుకు ప్లస్ 1 నంబరు రాస్తారు. ఆ నంబరు ఇచ్చింది పెట్టె చేరడానికి. వచ్చే పండక్కి ఆఫర్లు పంపమని ఇచ్చింది కాదు. ప్రపంచంలో మెసేజ్‌ల చట్టాలన్నీ పట్టుకుని కూర్చున్నది ఈ తేడానే.

అసలు మెసేజ్ ఎలా వెళుతుందో ముందు చూడాలి. కాల్ కలపడానికి, ఫోన్ మోగించడానికి టవర్లూ ఎక్స్ఛేంజీలూ తమలో తాము సంకేతాలు పంపుకోవడానికి ఒక దారి ఉంటుంది. ఎక్కువసేపు ఖాళీగా ఉండే ఆ దారిలోనే చిన్న చిన్న మాటలు కూడా పంపొచ్చన్న ఆలోచనలోంచి ఎస్ఎంఎస్ పుట్టింది. దారి ఇరుకు కాబట్టి మూట చిన్నది: 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఏడు బిట్లు చొప్పున సర్దితే అందులో 160 అక్షరాలు పడతాయి. మామూలు మాటకు ఆ మాత్రం చాలునని 1985లో జర్మన్ ఇంజినీరు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ లెక్క కట్టాడు. 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే కుర్ర ఇంజినీరు వొడాఫోన్ అధికారి రిచర్డ్ జార్విస్ ఫోన్‌కు కంప్యూటర్ నుంచి క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. ప్రపంచంలో మొదటి ఎస్ఎంఎస్ అదే.

తెలుగుకు ఆ 160 దక్కలేదు. మన లిపి యూనికోడ్‌లో వెళుతుంది, ఒక్కో సంకేతానికి 16 బిట్లు. అదే మూటలో పట్టేవి 70 మాత్రమే. పైగా మనం ఒక అక్షరం అనుకునేది యంత్రానికి ఒకటి కాదు. ‘శ్రీ’ అంటే దానికి నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘం. ‘స్త్రీ’ అయితే ఆరు. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అనేసరికి మధ్యలో ఖాళీతో కలిపి 22 అయిపోతాయి. అంటే పలకరింపుకే మూడో వంతు ఖర్చు. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ముక్కకు 67 చొప్పున, ప్రతి ముక్కకూ బిల్లు. ఇంగ్లిష్‌లో రాస్తున్నాం కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. ధర ముందు రూపాయి గుర్తు ఒక్కటి పెడితే చాలు, మెసేజ్ మొత్తం యూనికోడ్‌లోకి మారి 160 కాస్తా 70 అవుతుంది. నిజానికి మొబైల్ ప్రమాణాల్లో తెలుగుకు ప్రత్యేక అక్షర పట్టిక ఉంది, దానితో పంపితే 70 కన్నా చాలా ఎక్కువే పడతాయి. కానీ బల్క్ మెసేజ్‌లు పంపే సంస్థలు మామూలుగా వాడేది యూనికోడే. ఉన్న సదుపాయం ఇలా మూలపడి ఉండటం తెలుగువాళ్లకు నష్టం.

దుకాణం కంప్యూటర్ నుంచి బయల్దేరిన మెసేజ్ మొదట బల్క్ ఎస్ఎంఎస్ కంపెనీకి, అక్కడి నుంచి పలు సంస్థల మెసేజ్‌లను పోగుచేసి చేరవేసే అగ్రిగేటర్‌కు, ఆ తర్వాత అవతలి దేశపు మొబైల్ కంపెనీకి చేరుతుంది. చివరి గేటు ఆ కంపెనీ చేతిలో ఉంటుంది. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది అక్కడి నియమాల ప్రకారమే తేలుతుంది. అందుకే పంపేవాడి ఊరు కన్నా అందుకునే నంబరు ఏ దేశానిది అన్నదే ముందు చూసుకోవాలి.

మన దేశపు గేటు ఎలా ఉంటుందో ఇక్కడి ప్రతి వ్యాపారికీ కొంత తెలుసు. పిలవని పేరంటంలా వచ్చి పడే ప్రకటనలతో జనం విసిగిపోవడంతో 2007లో వద్దనుకునేవారి జాబితా, అందులో పేరు చేర్చుకోవడానికి 1909 నంబరు వచ్చాయి. అవి చాలలేదు. 2018 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చింది. డీఎల్‌టీ (డిస్ట్రిబ్యూటెడ్ లెడ్జర్ టెక్నాలజీ) అని అందరూ పిలిచే వ్యవస్థ దానితోనే పుట్టింది. వ్యాపారి ముందు తన సంస్థను, తర్వాత మెసేజ్ పైన కనిపించే పేరును, ఆ తర్వాత పంపబోయే వాక్యాన్ని నమోదు చేసుకోవాలి. పేరూ మొత్తమూ తేదీలాంటి మారే వివరాలకు ఖాళీలు వదిలి, మిగతా వాక్యం ఎలా నమోదైతే అలాగే వెళ్లాలి. ఒక్క పదం మారినా యంత్రం ఆపేస్తుంది. 2024 అక్టోబరు నుంచి మెసేజ్‌లో పెట్టే లింకులు కూడా ముందే నమోదై ఉండాలి. 2025లో పేరు చివర ఒక అక్షరం చేరింది. ‘పి’ ఉంటే ప్రకటన, ‘ఎస్’ ఉంటే సేవ, ‘టి’ ఉంటే లావాదేవీ, ‘జి’ ఉంటే ప్రభుత్వం.

ఈ లెడ్జర్ పని వెనక హైదరాబాద్ చెయ్యి పెద్దదే. 1999లో ఉదయ్ రెడ్డి స్థాపించిన తాన్లా కంపెనీ ఉన్నది ఈ ఊళ్లోనే. కొన్ని టెలికాం కంపెనీలు ఈ నమోదులకు వాడే ట్రూబ్లాక్ వేదిక వాళ్లు కట్టిందే.

కొత్త నిబంధనల తొలి రోజు దేశం మరిచిపోయేది కాదు. 2021 మార్చి 8న తనిఖీ మొదలుపెట్టగానే బ్యాంకుల ఓటీపీలు ఆగిపోయాయి. రైలు టికెట్లు, కోవిన్ టీకా నమోదులు చిక్కుకుపోయాయి. సంస్థలు తమ వాక్యాలను సరిగా నమోదు చేయకపోవడమే కారణం. ట్రాయ్ వారం రోజులు తనిఖీ ఆపేయాల్సి వచ్చింది. ఇబ్బంది పడింది జనం, తప్పు వ్యవస్థది కాదు. ఏళ్ల ముందు చెప్పిన పనిని చివరి రోజుదాకా వాయిదా వేసిన పెద్ద పెద్ద సంస్థలది.

అమెరికా యూనివర్సిటీయో, లండన్ కంపెనీయో చైతన్యపురి హాస్టల్‌లో ఉన్న విద్యార్థికి మెసేజ్ పంపాలన్నా దాటాల్సింది ఈ గేటే. ఇక్కడ నమోదు లేకపోతే అంతర్జాతీయ మార్గంలో రావాలి. దేశీ మెసేజ్ ధర పైసల్లో ఉంటే ఆ మార్గంలో రూపాయల్లో ఉంటుంది. సంస్థ పేరుకు బదులు ఏదో ముక్కూ మొహం తెలియని నంబరు కనిపిస్తుంది. ఇంటర్వ్యూ తేదీ చెప్పే నిజమైన మెసేజ్‌ను విద్యార్థి మోసమనుకుని చెరిపేయడానికి అది చాలు.

ఇక అమెరికా. అక్కడ ఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం 1991 నాటిది. అప్పటికి ఎస్ఎంఎస్ పుట్టనే లేదు. మెసేజ్ కూడా కాల్ కిందికే వస్తుందా అన్న ప్రశ్న ఒక నవల వల్ల కోర్టుకెక్కింది. 2006 జనవరిలో సైమన్ అండ్ షూస్టర్ అనే ప్రచురణ సంస్థ స్టీఫెన్ కింగ్ నవల ‘సెల్’ ప్రచారానికి దాదాపు 60 వేల ఫోన్లకు మెసేజ్ పంపించింది. అందులో ఒకటి అర్ధరాత్రి దాటాక ఏడేళ్ల పిల్లాడి చేతిలోని ఫోన్‌కు వచ్చింది. తర్వాత వచ్చే కాలే చివరిది కావచ్చు అన్న అర్థంలో భయపెట్టే మెసేజ్ అది. తల్లి దావా వేసింది. ఆమె అంతకుముందు ఒక రింగ్‌టోన్ కంపెనీకి, ఆ కంపెనీతో పాటు దాని అనుబంధ సంస్థల ప్రకటనలకు ఒప్పుకున్న మాట నిజమే. కానీ ప్రచురణ సంస్థ ఆ కంపెనీకి అనుబంధం కాదని, మెసేజ్ కూడా కాల్ కిందికే వస్తుందని 2009లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. చివరికి కోటి డాలర్లతో రాజీ కుదిరింది.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఈ తీర్పు సూటిగా తగులుతుంది. కొరియర్ కొట్టు దగ్గరున్న నంబర్ల జాబితాను పచ్చళ్ల దుకాణం అడిగి తీసుకోవడం, ఇనిస్టిట్యూట్ జాబితా కన్సల్టెన్సీకి చేరడం ఎవరికీ తప్పుగా అనిపించదు. ఒకరికిచ్చిన అనుమతి ఇంకొకరికి చెల్లదు. ఆ చట్టం కింద ఉల్లంఘనకు 500 డాలర్లు, తెలిసి చేస్తే 1,500 డాలర్ల దాకా కోర్టు వేయొచ్చు. ఆ చట్టంలోని ‘యంత్రంతో డయల్ చేయడం’ అన్నదాని నిర్వచనాన్ని 2021లో అక్కడి సుప్రీంకోర్టు కుదించింది. అయినా కాల్స్ వద్దని పేరు నమోదు చేసుకున్నవారికి రక్షణ అలాగే ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో 2025 సెప్టెంబరు నుంచి రాష్ట్రపు టెలిఫోన్ అమ్మకాల చట్టం కిందికి మెసేజ్‌లను కూడా చేర్చారు.

ఎక్కడో అమెరికాలో దావా వేస్తే దిల్‌సుఖ్‌నగర్ దుకాణాన్ని ఏం చేస్తారు అని అడిగేవారుంటారు. కోర్టు దాకా పోనక్కరలేదు, గేటు దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలో మామూలు పది అంకెల నంబరు నుంచి వ్యాపార మెసేజ్‌లు పంపాలంటే సంస్థ వివరాలు, ఎందుకు పంపుతున్నారు, అనుమతి ఎలా తీసుకున్నారు, మెసేజ్ నమూనా ఏమిటి అన్నవన్నీ ముందే నమోదు చేయాలి. నమోదు లేనివాటిని మొబైల్ కంపెనీలు ఆపేస్తాయి. మనకు అలవాటైన ఇంగ్లిష్ అక్షరాల సెండర్ పేరు అక్కడ పనిచేయదు. గ్రహీత ‘స్టాప్’ అని జవాబిస్తే ఆపాలి. 2025 ఏప్రిల్ నుంచి, మరే మాటలో వద్దన్నట్టు అర్థమైనా పది పనిదినాల్లోగా జాబితా నుంచి తీసేయాల్సిందే. వాట్సాప్ ఉందిగా అంటే, ప్లస్ 1 అమెరికా నంబర్లకు బిజినెస్ ప్రకటనల మెసేజ్‌లను మెటా 2025 ఏప్రిల్ 1 నుంచి నిలిపేసింది.

వేళ కూడా చట్టమే చెబుతుంది. అమ్మకపు కాల్స్ అందుకునేవారి గడియారం ప్రకారం పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిదిలోపే ఉండాలి. ఫ్లోరిడాలో ఇంకో గంట తక్కువ. చలికాలంలో కాలిఫోర్నియాలో పొద్దున ఎనిమిదంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. న్యూజెర్సీలో రాత్రి తొమ్మిదంటే మనకు మర్నాడు పొద్దున ఏడున్నర. రెండు తీరాలకూ కుదిరే సమయం మొత్తం దిల్‌సుఖ్‌నగర్ షట్టర్లు దించుకున్నాకే. ఏరియా కోడ్ చూసి ఊరు ఊహించడం కూడా నమ్మదగ్గది కాదు. డల్లాస్ నంబరుతోనే సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు కోకొల్లలు. చదువైపోయి తిరిగొచ్చిన విద్యార్థి వదిలేసిన నంబరు ఇంకొకరికి వెళుతుంది, పాత అనుమతి వాళ్లకు వర్తించదు. అలా చేతులు మారిన నంబర్లను సరిచూసుకోవడానికి 2021 నుంచి అక్కడ ఒక డేటాబేస్ నడుస్తోంది.

సింగపూర్ ఇంకా కఠినం. 2021 చివర్లో ఓసీబీసీ బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ మెసేజ్‌లను నమ్మి దాదాపు 790 మంది 1 కోటి 37 లక్షల సింగపూర్ డాలర్లు పోగొట్టుకున్నారు. నిజమైన బ్యాంకు మెసేజ్‌ల వరసలోనే దొంగవీ కనిపించడం వల్ల చాలామంది అనుమానించలేదు. 2023 జనవరి 31 నుంచి అక్కడ సెండర్ పేరు నమోదు తప్పనిసరైంది. నమోదు లేకుండా పంపితే పైన దుకాణం పేరుకు బదులు ‘మోసం కావచ్చు’ అనే హెచ్చరిక పడుతుంది. నమోదుకు ఆ దేశపు సంస్థ సంఖ్య కావాలి. అది లేని దిల్‌సుఖ్‌నగర్ దుకాణం తన పేరుతో అక్కడికి మెసేజ్ పంపలేదు.

గల్ఫ్‌కు వెళితే ఇంకో చిక్కు. యూఏఈలో ప్రకటన మెసేజ్‌ల సెండర్ పేరు ‘ఏడీ’ అనే రెండక్షరాలతో మొదలవ్వాలి, ప్రకటన అని తెలియడానికి. మన దేశంలో మెసేజ్ ముందు అవే రెండక్షరాలుంటే ఎయిర్‌టెల్, ఢిల్లీ సర్కిల్ అని అర్థం. మొదటిది కంపెనీ, రెండోది అది బయల్దేరిన సర్కిల్. కరీంనగర్ నుంచి దుబాయ్ వెళ్లి అక్కడి సిమ్ తీసుకున్న కార్మికుడికీ, ఇండియా సిమ్‌నే రోమింగ్‌లో ఉంచుకున్న అతని స్నేహితుడికీ ఒకే గదిలో ఒకే వ్యాపారి పంపే మెసేజ్ రెండు దేశాల నియమాల కింద చేరుతుంది.

ఇవన్నీ చిన్న వ్యాపారి మీద పెద్ద భారమే. నమోదు రుసుములు, నెలవారీ చార్జీలు, అర్థంకాని ఫారాలు. అయినా ఈ చట్టాల పక్షానే నిలబడాలి. ఓసీబీసీ ఖాతాదారులు పోగొట్టుకున్నది జీవితకాలపు పొదుపు. కేవైసీ పేరుతో, కరెంటు కట్ చేస్తామన్న పేరుతో మన పెద్దవాళ్లకు వచ్చే దొంగ మెసేజ్‌లూ ఆ జాతివే. ఎవరు పంపారో తెలియని మెసేజ్‌లు తగ్గేకొద్దీ నిజంగా అరిసెలు అమ్మేవాడి మాటకు విలువ పెరుగుతుంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వ్యాపారులు ఈ సీజన్‌కే మొదలుపెట్టదగ్గ పని ఒకటుంది. ఆర్డర్ కాగితం మీద ఫోన్ నంబరు పక్కన ఇంకో గడి గీయండి: ‘పండగ ఆఫర్ల మెసేజ్‌లు పంపమంటారా?’ దాన్ని మీరు నింపవద్దు, ఆ నంబరు ఎవరిదో వాళ్లనే అడిగి నింపించండి. కౌంటర్ దగ్గరున్న అమ్మ ఒప్పుకున్నంత మాత్రాన డల్లాస్‌లో ఉన్న కొడుకు ఒప్పుకున్నట్టు కాదు. తేదీ వేయండి, ఏ దేశపు నంబరో రాయండి, ఆ కాగితాన్ని పారేయకండి. వద్దన్న రోజు పేరు కొట్టేయండి.