మీకు తెలుసా? మాడ్లెన్‌కు మూపురమే అందం!

ఫ్రాన్స్‌లో లొరేన్ ప్రాంతపు కొమర్సీ ఊరి పేరు చెబితే గుర్తొచ్చేది మాడ్లెన్. ఒకవైపు ఆల్చిప్ప గీతలు, రెండోవైపు చిన్న మూపురం ఉండే బుల్లి కేకు. ఆ మూపురం కిటుకంతా చల్లదనంలోనే ఉంది. పిండిని కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెడితే అంచులు ముందే గట్టిపడతాయి. నడుమ ఇంకా పచ్చిగా ఉన్న పిండి పైకి పొంగుతుంది.

మాడ్లెన్‌కు నిమ్మ వాసన కావాలా? రసంకన్నా తొక్కే మేలు. సువాసన నూనె ఉండేది పైపసుపు పొరలోనే. దాన్ని సన్నగా తురిమి, చక్కెరలో వేసి వేళ్లతో నలపండి. కింది తెల్లపొర జోలికి మాత్రం పోకండి, చేదు!

అన్నట్టు, 1913లో వచ్చిన మార్సెల్ ప్రూస్ట్ నవలలో కథకుడికి బాల్యాన్ని గుర్తుచేసేది టీలో నానిన మాడ్లెనే. తొలి చిత్తుప్రతిలో అది కాల్చిన రొట్టె ముక్క.